థెరపిస్టు ఊరు మారితే... దూర చికిత్సలో బాధ్యతల లెక్క

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో క్లయింట్లున్న థెరపిస్టు ఇప్పుడు ఆ ఊళ్లలోనే ఉండాల్సిన పని లేదు. నవంబరులో గాలి పీల్చలేని స్థితి వస్తే కొందరు లాప్‌టాప్ సర్దుకుని హిమాచల్‌కో, ఉత్తరాఖండ్ కొండలకో వెళ్లి అక్కడి నుంచే సెషన్లు చేస్తారు. వయసు మీదపడిన తల్లిదండ్రుల కోసం విజయవాడకో వరంగల్‌కో తిరిగొచ్చి, ఢిల్లీ క్లయింట్లను వీడియో కాల్‌లో కొనసాగించేవారూ ఉన్నారు. నెలకో ఊరు మారుతూ పనిచేయాలనుకునే యువ కౌన్సెలర్లకు ఇదొక ఆకర్షణీయమైన జీవన విధానం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎక్కడి నుంచి పనిచేసినా కోడ్ కోడే. మనసు విప్పి మాట్లాడే మనిషి విషయంలోనూ అంతేనా? క్లయింటుకు ఒరిగేదేమిటి, పోయేదేమిటి? చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది? ఆపద వస్తే ఎవరు పలుకుతారు? ఈ ప్రశ్నలన్నింటినీ ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. థెరపిస్టు ప్రయాణించడంలో తప్పు లేదు. అయితే ఆ ప్రయాణం భారం ఒక్క వీసమెత్తు కూడా క్లయింటు మీద పడకూడదు. ఈ కొలతతో చూస్తే కొన్ని ప్రయాణాలు సబబు, కొన్ని కావు.

అవసరం ఎంత?

2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేల్చింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లక్ష జనాభాకు కనీసం ముగ్గురు సైకియాట్రిస్టులు ఉండాలంటారు నిపుణులు. మన దేశంలో ఉన్నది 0.75 మంది.

ఢిల్లీ ఈ విషయంలో అదృష్టవంతమైన నగరమే. ఎయిమ్స్ ఉంది, దిల్షాద్ గార్డెన్‌లో మానసిక చికిత్స సంస్థ ఇహ్‌బాస్ ఉంది, ప్రైవేటు క్లినిక్‌లకూ కొదవలేదు. కానీ జాతీయ రాజధాని ప్రాంతం విస్తీర్ణమే ఒక అడ్డంకి. ద్వారకలో ఉండే ఉద్యోగి నోయిడాలో ఉన్న థెరపిస్టును కలవాలంటే బ్లూ లైన్ మెట్రోలో పోను గంటకు పైగా, రాను గంటకు పైగా పడుతుంది. 50 నిమిషాల సెషన్ కోసం సగం రోజు సెలవు పెట్టాలి. సెలవు ఎందుకని అడిగితే ఆఫీసులో ఏదో ఒక అబద్ధం చెప్పాలి. ప్రతి వారం ఇలా చేయడం ఎంతమందికి సాధ్యం? నాలుగైదు వారాలు వెళ్లి మానేసేవారిలో చాలామందిని ఓడించేది జబ్బు కాదు, దూరం. వీడియో కాల్ ఈ దూరాన్ని చెరిపేసింది. ఈ మేలును తక్కువ చేసి చూడకూడదు.

ఇది నిన్న పుట్టిన ఆలోచన కాదు

దూరం నుంచి మానసిక చికిత్స కరోనాతో మొదలైందనుకుంటారు చాలామంది. కానీ 1959లోనే అమెరికాలోని నెబ్రాస్కాలో సిసిల్ విట్సన్ అనే మానసిక వైద్యుడు, ఆయన బృందం ఇరువైపులా కనిపించే క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్‌ను చికిత్సకు వాడారు. కొన్నేళ్లకు 100 మైళ్లకు పైగా దూరంలో ఉన్న నార్‌ఫోక్ ఆసుపత్రిని తమ సంస్థతో కలిపారు. ఫోన్‌లో ఆదుకునే సంప్రదాయం అంతకంటే పాతది. చాడ్ వరా అనే మతాచార్యుడు లండన్‌లో సమారిటన్స్ సేవను 1953లో ప్రారంభించారు. ఆ దారిలోనే చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్నేహ సంస్థను నెలకొల్పారు.

మన తెలుగు గడ్డకూ ఈ చరిత్రలో చోటుంది. 2000 సంవత్సరం మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ ఉపగ్రహ అనుసంధానంతో టెలీమెడిసిన్ కేంద్రాన్ని నెలకొల్పింది. దేశంలో గ్రామీణ టెలీమెడిసిన్ చరిత్ర చెప్పేవారు ఆ ఊరి పేరు తలవకుండా ఉండరు. ఆ తర్వాత చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ పుదుక్కోట్టై జిల్లా పల్లెలకు బస్సులో టెలీసైకియాట్రీని తీసుకెళ్లింది.

ఫోన్ సేవలను పక్కనపెడితే, ఈ ప్రయత్నాలన్నింటిలో ఒక ఉమ్మడి లక్షణం గమనించాలి. ప్రయాణించలేని రోగి కోసమే సాంకేతికతను వాడారు. వైద్యుడు ఒక స్థిరమైన కేంద్రంలో ఉండేవాడు, రోగి పక్కన ఒక నర్సో ఆరోగ్య కార్యకర్తో ఉండేవారు. 2020 తర్వాత ఈ రెండూ మారాయి. రోగి పక్కన ఎవరూ లేరు. వైద్యుడు కేంద్రంలో ఉండాలన్న నియమమూ లేదు. ఇవాళ్టి సమస్యలకు మూలం ఇక్కడుంది.

ఫలితం ఉంటుందా?

ఉంటుంది. 2018లో స్వీడన్‌కు చెందిన పెర్ కార్ల్‌బ్రింగ్ బృందం 20 అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. థెరపిస్టు తోడుగా ఇంటర్నెట్‌లో సాగే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఎదురెదురుగా కూర్చుని చేసే థెరపీతో దాదాపు సమానమైన ఫలితం ఇస్తోందని తేల్చింది. వీడియోలో ప్రత్యక్షంగా మాట్లాడే చికిత్సపై జరిగిన సమీక్షలూ కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యల విషయంలో ఇదే దిశలో ఉన్నాయి. థెరపిస్టుకూ క్లయింటుకూ మధ్య ఏర్పడే అనుబంధం వీడియోలో కాస్త పలచబడవచ్చని కొన్ని సమీక్షలు చెప్పాయి. అయినా లక్షణాలు తగ్గడంలో పెద్ద తేడా రాలేదు.

అయితే ఈ ఫలితాలను ఎవరికి అన్వయించవచ్చో జాగ్రత్తగా చూడాలి. ఇలాంటి అధ్యయనాల్లో పాల్గొనేవారికి సాధారణంగా ఒక గది, ఒక పరికరం, నమ్మదగిన ఇంటర్నెట్ ఉంటాయి. ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవారిని, భ్రమలతో బాధపడేవారిని తరచూ చేర్చుకోరు. సెషన్లు ఒక పద్ధతి ప్రకారం, అనుకున్న వేళకు జరుగుతాయి. వీడియో థెరపీ పనిచేస్తుందంటే, ఈ ఏర్పాట్లన్నీ ఉన్నప్పుడు పనిచేస్తుందని అర్థం. బస్సు స్టాండులో ఫోన్ చేతబట్టుకుని చేసే సెషన్‌కు ఈ రుజువులు వర్తించవు.

తెర మీద కనిపించనివి కూడా ఉన్నాయి. భుజాల పై భాగమే కనిపించే వీడియోలో క్లయింటు కాళ్లు వణుకుతున్నాయో, చేతి గోళ్లు గిల్లుకుంటున్నాడో తెలియదు. మద్యం వాసన రాదు. చేతి మీద గాట్లుంటే పొడుగు చేతుల చొక్కా దాచేస్తుంది. అనుభవమున్న థెరపిస్టు ఈ లోటును మాటలతో పూడుస్తాడు. గదిలో పక్కపక్కన ఉంటే చూసి తెలుసుకునే సంగతులను ఇక్కడ అడిగి తెలుసుకుంటాడు. అడగాలంటే మనసు అక్కడే ఉండాలి. ఉదయం కొండ ఎక్కి, మధ్యాహ్నం ఊరు మారి, సాయంత్రం అలసటతో తెర ముందు కూర్చున్నవారికి అది కష్టం.

చట్టం ఏమంటోంది?

ఇక్కడ మూడు వర్గాలను విడదీసి చూడాలి. మందులు రాసే సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, కౌన్సెలర్. జనం ముగ్గురినీ కలిపి "సైకాలజీ డాక్టర్" అంటారు. చట్టం దృష్టిలో ముగ్గురివీ వేర్వేరు స్థానాలు.

సైకియాట్రిస్టు పరిస్థితి అన్నిటికంటే స్పష్టంగా ఉంది. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. రిజిస్టరైన వైద్యుడు దేశంలో ఏ మూలనున్న రోగికైనా దూరం నుంచి సలహా ఇవ్వవచ్చు. ఇద్దరికీ ఒకరి గుర్తింపు ఒకరికి తెలియాలి, అజ్ఞాతంగా కుదరదు. వైద్యుడు తన రిజిస్ట్రేషన్ నంబరు చూపాలి. రోగి నేరుగా వచ్చి కలవాల్సిందేనని తోస్తే ఆ మాట చెప్పే అధికారం, బాధ్యత వైద్యుడివే. నార్కోటిక్ చట్టం కిందికొచ్చే మందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు ఇలా రాయకూడదు. దేశం వెలుపలి సంప్రదింపులను ఈ మార్గదర్శకాలు తమ పరిధి నుంచి తప్పించాయి. సైకియాట్రీకి విడిగా బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్, భారత సైకియాట్రీ సంఘం, టెలీమెడిసిన్ సొసైటీ కలిసి అదే ఏడాది ఆచరణ సూత్రాలు తెచ్చాయి.

క్లినికల్ సైకాలజిస్టు ఎవరో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) నిర్వచించింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన శిక్షణ ఉండాలి. ఆ కౌన్సిల్ రిజిస్టర్ జాతీయ స్థాయిలో ఉంటుంది కాబట్టి ఢిల్లీలో రిజిస్టరైన సైకాలజిస్టు ధర్మశాల నుంచి పనిచేసినా ఆ కౌన్సిల్‌లో మళ్లీ రిజిస్టర్ కావాల్సిన పని లేదు. దూర మనస్తత్వ చికిత్స ఎలా చేయాలో నిమ్హాన్స్ 2020లో సూచనలు ఇచ్చింది. అవి మంచి సూచనలే. కానీ డాక్టర్లకున్నట్టు వృత్తి నియమావళిలో భాగమైన కట్టుబాట్లు కావు.

మూడో వర్గం కౌన్సెలర్లది. ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేదీ, ఎక్కువగా ప్రయాణించేదీ వీరే. వీరి గురించి చాలా ఏళ్లు చట్టంలో ఒక్క మాట లేదు. సైకాలజీలో ఎంఏ చేసి, పర్యవేక్షణలో వేల గంటలు పనిచేసినవారూ కౌన్సెలరే. రెండు వారాంతాల కోర్సు చేసి బోర్డు పెట్టినవారూ కౌన్సెలరే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం సైకాలజిస్టులను, కౌన్సెలర్లను తన పరిధిలోకి తెచ్చింది. రాష్ట్ర మండళ్లు, రిజిస్టర్లు పూర్తిగా పనిలోకి దిగితే చిత్రం మారుతుంది. ఈ చట్టం ప్రభావంతోనే 2025లో యూజీసీ, సైకాలజీ సహా దాని పరిధిలోకి వచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నేర్పకూడదని ఆదేశించింది. శిక్షణకు మనిషి ఎదురుగా ఉండాలని ప్రభుత్వం గట్టిగా నమ్ముతోందన్నమాట. చికిత్స ఏ పరిస్థితుల్లో దూరం నుంచి చేయవచ్చో కూడా అంతే గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది.

దేశం దాటితే

తెలుగు కుటుంబాలకు ఈ విభాగం ముఖ్యం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకుంటున్న కొడుకు కుంగిపోతే, తల్లిదండ్రులు మొదట ఫోన్ చేసేది హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో తెలిసిన కౌన్సెలర్‌కు. అబ్బాయి తెలుగులో మాట్లాడగలడు, ఫీజు డాలర్లలో ఉండదు, ఇన్సూరెన్సు గొడవ లేదు. వాళ్ల ఆరాటం పూర్తిగా న్యాయమైనదే. కానీ అమెరికాలో చికిత్స జరిగే చోటు అంటే క్లయింటు కూర్చున్న చోటు. అతను టెక్సాస్‌లో ఉంటే టెక్సాస్ లైసెన్సు కావాలి. పక్క రాష్ట్రపు అమెరికన్ సైకాలజిస్టుకే ఈ నియమం తప్పదు.

ఆ ఇబ్బంది తీర్చడానికి అక్కడి రాష్ట్రాలు సైప్యాక్ట్ అనే ఒప్పందం కుదుర్చుకున్నాయి. 2020 నుంచి ఆచరణలో ఉన్న ఈ ఒప్పందంలో ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలున్నాయి. సభ్య రాష్ట్రంలోని సైకాలజిస్టు తగిన అనుమతి పొంది మరో సభ్య రాష్ట్రంలోని క్లయింటుకు వీడియోలో చికిత్స చేయవచ్చు. కానీ ఆ సమయంలో సైకాలజిస్టు తనకు లైసెన్సు ఉన్న సభ్య రాష్ట్రంలో స్వయంగా ఉండాలి. అంటే సంక్రాంతికి భీమవరం వచ్చిన అమెరికా తెలుగు సైకాలజిస్టు, ఆ ఒప్పందాన్ని నమ్ముకుని అక్కడి నుంచి తన క్లయింట్లను చూడలేరు. థెరపిస్టు ఎక్కడున్నారన్నదీ, క్లయింటు ఎక్కడున్నారన్నదీ రెండూ లెక్కలోకి వస్తాయి.

మన దగ్గరి నుంచి బయటికి వెళ్లేవారిదీ ఇదే సంగతి. డిజిటల్ నోమాడ్ వీసాలు 2020లో ఎస్టోనియాతో ప్రచారంలోకి వచ్చాయి. యూఏఈ, థాయిలాండ్ వంటి దేశాలూ దూరం నుంచి పనిచేసుకునేవారికి వీసాలు ఇస్తున్నాయి. వీసా అంటే ఆ దేశంలో ఉండటానికి అనుమతి. వైద్య, మానసిక సేవలు అందించడానికి అది లైసెన్సు కాదు. పర్యాటక వీసా మీద వెళ్లి పనిచేయడం మరో చిక్కు. వృత్తి బీమా తీసుకున్నవారు ఆ పాలసీ ఏయే దేశాల్లో వర్తిస్తుందో చదువుకోవాలి. వీసా, లైసెన్సు, బీమా మూడూ విడివిడి తాళాలు. ఒకటి తెరుచుకుందని మిగతా రెండూ తెరుచుకున్నట్టు కాదు.

విదేశంలోని పిల్లల కోసం ఆరాటపడే తల్లిదండ్రులకు మార్గం లేదని కాదు. అమెరికా విశ్వవిద్యాలయాలు చాలావరకు తమ విద్యార్థులకు కౌన్సెలింగ్ కేంద్రాలు నడుపుతున్నాయి. 988 అనే మూడంకెల నంబరుకు అక్కడ ఏ గంటలోనైనా ఫోన్ చేయవచ్చు. ఇక్కడి కౌన్సెలర్ తల్లిదండ్రులకు ధైర్యం చెప్పగలరు, అక్కడ ఎవరిని కలవాలో సూచించగలరు. చికిత్స బాధ్యత మాత్రం అక్కడి లైసెన్సు ఉన్నవారే తీసుకోవాలి.

రెండు వైపులా తలుపు మూసిన గది

థెరపీలో గది అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు, నా మాట బయటికి పోదన్న భరోసా. ఎదురెదురు చికిత్సలో ఆ గదిని థెరపిస్టు ఇస్తాడు. వీడియోలో ఎవరి గది వారే తెచ్చుకోవాలి.

ఢిల్లీలో సివిల్స్‌కు చదివే తెలుగు విద్యార్థి గది ఎలా ఉంటుందో చూడండి. పాత రాజేందర్ నగర్‌లోనో ముఖర్జీ నగర్‌లోనో పీజీ. ఒక గదిని ప్లైవుడ్ పలకతో రెండు చేస్తారు. పక్కవాడు పేజీ తిప్పితే వినపడుతుంది. సెషన్ మొదలవుతుంది.

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"రూమ్‌లోనే మేడమ్. రూమ్మేట్ టీకి కిందికి వెళ్లాడు, పది నిమిషాల్లో వచ్చేస్తాడు."

"వచ్చాక మాట్లాడగలరా?"

"కష్టం మేడమ్. వాడికి తెలిస్తే బ్యాచ్ మొత్తానికి తెలుస్తుంది."

మూడోసారి ఫెయిలైన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదన్న మాట పది నిమిషాల్లో బయటికి రాదు. తెలివైన థెరపిస్టు ఇక్కడ చికిత్సకు ముందు చోటు వెతుకుతుంది. లైబ్రరీ క్యాబిన్, మేడ మీద ట్యాంకు పక్కన, ఆదివారం ఖాళీగా ఉండే స్నేహితుడి గది. రూమ్మేట్ లోపలికొస్తే చెప్పాల్సిన మామూలు మాట ఒకటి ముందే అనుకుంటారు. "నోట్స్ రేపు పంపుతా" అనగానే ఆమె మాట మారుస్తుంది లేదా ఇద్దరూ చాట్‌లో రాసుకుంటారు. ఇయర్‌ఫోన్స్ థెరపిస్టు మాటను దాస్తాయే తప్ప క్లయింటు మాటను దాచలేవు.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. థెరపిస్టు ఉత్తరాఖండ్ కొండల్లోని ముక్తేశ్వర్‌లో ఒక హోమ్‌స్టేలో ఉంది. చెక్క గోడకు అవతల మరో కుటుంబం. కరెంటు పోతే వైఫై పోతుంది. మొబైల్ సిగ్నల్ వరండాలోనే వస్తుంది, వరండాలోకి టీ పట్టుకొచ్చే కుర్రాడూ వస్తాడు. లద్దాఖ్‌కో కశ్మీర్‌కో వెళితే బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అసలు పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాల్సిందే. ఈ సంగతి అక్కడికి చేరాక తెలిస్తే ఆ రోజు సెషన్లన్నీ పోయినట్టే. రెండు కంపెనీల సిమ్‌లు, బ్యాటరీ బ్యాకప్, తలుపు గడియ పడే గది, వెళ్లకముందే ఒకసారి పరీక్షించిన ఇంటర్నెట్ వేగం. ఇవి ఉంటే సెషన్ పెట్టుకోవాలి, లేకపోతే ఆ వారం సెలవు ప్రకటించాలి. సెలవు తీసుకున్న థెరపిస్టును క్లయింటు అర్థం చేసుకుంటాడు. మాట మధ్యలో మూడుసార్లు తెగిపోయే కాల్ మాత్రం "నా బాధ ఎవరికీ పట్టదు" అన్న అతని నమ్మకాన్ని గట్టిపరుస్తుంది.

కాగితాలు, రికార్డుల విషయం క్లుప్తంగా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. ప్రయాణంలో పోయే లాప్‌టాప్, కేఫ్‌లోని ఉచిత వైఫై, ఫోన్‌లో దిగిపోయే స్క్రీన్‌షాట్లు, ఇవే నిజమైన ప్రమాదాలు. నోట్స్ పాస్‌వర్డ్ వెనుక ఉండాలి. క్లయింటు అనుమతి లేకుండా ఏదీ రికార్డు చేయకూడదు.

ఆపద వేళ

మొత్తం వ్యాసంలో అత్యంత బరువైన ప్రశ్న ఇది. సెషన్ మధ్యలో క్లయింటు "ఇక చాలు" అని కాల్ కట్ చేస్తే థెరపిస్టు ఏం చేయాలి?

112కు ఫోన్ చేయాలనుకుంటాం. కానీ 112 కాల్ ఫోన్ చేసినవారు ఉన్న రాష్ట్రపు కంట్రోల్ రూమ్‌కు వెళుతుంది. థెరపిస్టు హిమాచల్‌లో ఉండి డయల్ చేస్తే హిమాచల్ పోలీసులు పలుకుతారు. క్లయింటు ఉన్నది గురుగ్రామ్‌లో అయితే హరియాణా పోలీసులు కావాలి, నోయిడాలో అయితే ఉత్తరప్రదేశ్ పోలీసులు, రోడ్డు దాటితే ఢిల్లీ పోలీసులు. ఒకే మహానగరంలా కనిపించే రాజధాని ప్రాంతం ఢిల్లీతో పాటు మూడు రాష్ట్రాల పరిధిలో ఉంది. ఆ నిమిషంలో ఇంటర్నెట్‌లో ఠాణా నంబరు వెతుక్కునే తీరిక ఉండదు.

అందుకే తొలి సెషన్‌లోనే కొన్ని వివరాలు రాసుకోవాలి. క్లయింటు ప్రస్తుత చిరునామా, పీజీ యజమాని లేదా పొరుగువారి నంబరు, నమ్మకమున్న బంధువు ఒకరు, దగ్గరి ఠాణా, దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగం. ఎప్పుడు ఎవరికి చెబుతారో క్లయింటుతో ముందే మాట్లాడుకోవాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు గోప్యతకు మినహాయింపు ఉందని 23వ సెక్షనే చెబుతోంది. ప్రతి సెషన్‌కు మొదటి ప్రశ్న "ఈ రోజు ఎక్కడున్నారు?" కావాలి, ఎందుకంటే ఈ రోజుల్లో క్లయింటూ ప్రయాణిస్తాడు. పాత చిరునామాకు పోలీసులను పంపితే ప్రయోజనం లేదు.

ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని, వారికి సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదని అదే చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. పోలీసు కేసవుతుందన్న భయంతో సాయం కోరడానికి వెనకాడనక్కర్లేదు. పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలియజేయడం తప్పనిసరి. థెరపిస్టు ఏ ఊళ్లో ఉన్నా ఈ బాధ్యత తప్పదు.

తీవ్రమైన ప్రమాదంలో ఉన్న క్లయింటును, భ్రమలతో బాధపడేవారిని, ఇంట్లో హింస ఎదుర్కొంటున్నవారిని ప్రయాణంలో ఉన్న థెరపిస్టు ఒంటరిగా చూడకూడదన్నది నా స్పష్టమైన అభిప్రాయం. అలాంటివారికి స్థానికంగా ఒక సైకియాట్రిస్టు ఉండాలి. థెరపిస్టు ఊళ్లో లేని రోజుల్లో పలికే సహచరుడు ఉండాలి, ఆ పేరు క్లయింటుకు ముందే తెలియాలి.

మాతృభాష అనే బలం

దూర చికిత్సకు నేను గట్టిగా ఓటు వేసేది భాష విషయంలో. ఢిల్లీలో తెలుగువారి ఉనికి కొత్తది కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ మొదలైంది. తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీ వేంకటేశ్వర కళాశాలను 1961లో నెలకొల్పింది. ఇప్పుడు చదువు కోసం, కోచింగ్ కోసం, ఐటీ ఉద్యోగాల కోసం వచ్చే యువతరం వారికి తోడైంది. వీరు ఆఫీసులో ఇంగ్లిష్, ఆటోవాలాతో హిందీ మాట్లాడతారు. కానీ "గుండెల్లో రాయి పడ్డట్టుంది", "నాన్న ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు" అన్న మాటలు తెలుగులోనే వస్తాయి. పెళ్లైన కొత్తలో ఢిల్లీ వచ్చి, హిందీ రాక నాలుగు గోడల మధ్య ఉండిపోయిన ఇల్లాలికి హైదరాబాద్ నుంచి తెలుగు థెరపిస్టు తెర మీద కనిపించడం చిన్న విషయం కాదు.

ప్రభుత్వం ఈ సంగతి గుర్తించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరు మీద తెలుగు సహా 20 భాషల్లో ఉచితంగా పలుకుతోంది. నిమ్హాన్స్ దీనికి నాయకత్వం వహిస్తోంది. ఇప్పటికే 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. ఈ సేవలో కౌన్సెలర్ పనిచేసేది ఒక కేంద్రం నుంచి. పైన సైకియాట్రిస్టు ఉంటాడు, ఆసుపత్రికి పంపే దారి ఉంటుంది. ప్రైవేటుగా, ప్రయాణిస్తూ పనిచేసేవారు ఈ కేంద్రం ఇచ్చే రక్షణనంతా సొంతంగా ఏర్పాటు చేసుకోవాలి.

తేల్చి చెప్పాలంటే

దేశంలోపల, సరైన రిజిస్ట్రేషన్‌తో, తలుపు మూసిన గదిలో, నమ్మదగిన కనెక్షన్‌తో, ఆపద వేళకు ముందస్తు ఏర్పాటుతో థెరపిస్టు ఏ ఊరి నుంచి పనిచేసినా అభ్యంతరం అక్కర్లేదు. సొంత ఊళ్లో స్థిరపడి ఢిల్లీ క్లయింట్లను చూసుకునేవారిని, కాలుష్యం రోజుల్లో రెండు నెలలు ఒకేచోట ఉండి పనిచేసేవారిని ఆక్షేపించాల్సిందేమీ లేదు. అలసిపోయిన థెరపిస్టు కంటే స్వచ్ఛమైన గాలి పీల్చే థెరపిస్టు క్లయింటుకే మేలు. రెండు రోజులకో ఊరు మారుతూ, సిగ్నల్ దొరికిన చోట సెషన్లు చేయడం మాత్రం ఈ వృత్తికి తగదు. దేశం దాటినప్పుడు, లేదా దేశం దాటిన క్లయింటును చూడాలనుకున్నప్పుడు, అక్కడి నియమాలు రాతపూర్వకంగా తెలుసుకోకుండా మొదలుపెట్టకూడదు.

అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చేయాల్సిన పనులు మూడు కనిపిస్తున్నాయి. డాక్టర్లకున్నట్టే సైకాలజిస్టులకు, కౌన్సెలర్లకు దూర చికిత్స నియమావళి ప్రకటించాలి. ఎవరైనా పేరు కొట్టి చూసుకోగలిగే బహిరంగ రిజిస్టర్ ఉండాలి. థెరపిస్టు తాను ఏ రాష్ట్రం నుంచి మాట్లాడుతున్నారో, తాను అందుబాటులో లేనప్పుడు ఎవరు పలుకుతారో క్లయింటుకు చెప్పడం తప్పనిసరి చేయాలి.

చదువుతున్న మీకు ఒక మాట. మీరో, మీ ఇంట్లోవారో వీడియోలో థెరపీ తీసుకోబోతుంటే మొదటి కాల్‌లోనే నాలుగు ప్రశ్నలు అడగండి. మీ చదువు, రిజిస్ట్రేషన్ ఏమిటి? మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు? నా మాటలు ఇంకెవరైనా వినే అవకాశం ఉందా? అర్ధరాత్రి నాకు ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఇలా అడగడం అమర్యాద కాదు, మీ హక్కు. మంచి థెరపిస్టు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబిస్తారు. జవాబు దాటవేసేవారి దగ్గర ఆగిపోకండి, మరొకరిని చూసుకోండి. ఈలోగా మనసు నిలవకపోతే, ఏ వేళైనా సరే, 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడండి.